మేడంకి తెలియని సంగతి

నేను రిటైరైన నెలకి మా స్కూల్లో లెక్కలు చెప్పే అనిత మా ఇంటికొచ్చింది. "కొత్తగా చేరిన టీచర్లకి నాలుగు మాటలు రాసివ్వండి మేడం. పిల్లలు ప్రతిదీ ఫోన్లో ఏఐని అడిగి రాసుకొస్తున్నారు. వాళ్ళ సొంత బుర్రకి ఎలా పని చెప్పాలో మాకు తెలియడం లేదు" అంది. నాకూ తెలియదన్నాను. "అదేంటి మేడం, ముప్పయ్యెనిమిదేళ్ళ సర్వీసు కదా" అంది. సర్వీసు ఉన్నంత మాత్రాన తెలిసినట్టు కాదు. అయినా ఆ అమ్మాయి మాట తీసెయ్యలేక కూర్చున్నాను.

ఇందులో ప్రమోషన్లు, బదిలీలు, రికార్డుల గొడవ ఉండదు. వాటి గురించి స్టాఫ్ రూములో మీకు రోజూ ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. నేను తెలుగు టీచర్ని. పైపైన ఉన్నవన్నీ తీసేసి చూస్తే నా ఉద్యోగం పిల్లలు రాసింది చదవడం, అంతే. ఎన్ని వేల కాంపోజిషన్ పుస్తకాలు దిద్దానో నాకే తెలియదు. వాటిల్లో ఇవాళ్టికీ గుర్తున్నవి చాలా కొద్ది. ఆ కొద్దిలోనూ సగం, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా, నేను పాడుచేసినవే.

కాలువ వాసన

మొదటి పోస్టింగు చల్లపల్లి దగ్గర ఒక చిన్న ఊళ్ళో హైస్కూలు. బస్సు దిగి కాలువ గట్టు వెంట అరగంట నడవాలి. ఒక పక్క నీళ్ళు, ఒక పక్క చెరుకు. వానలప్పుడు చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్తుంటే, ఎదురొచ్చే కూలీ ఆడవాళ్ళు "టీచరు గారూ, అటు జారుద్ది, ఇటు పక్కకి రండి" అని చెయ్యి అందించేవాళ్ళు. ఇప్పుడు ఆ గట్టు మీద తారు రోడ్డు పడిందట. మంచిదే. నాకు మాత్రం ఆ ఊరంటే బురద కాళ్ళతో క్లాసులోకి వెళ్ళడమే.

అప్పుడు ఏఐ లేదు, గైడు ఉంది. "మా ఊరి కాలువ" అని వ్యాసం రాయమంటే యాభై మందీ ఒకే వ్యాసం రాసేవాళ్ళు. "జలము ప్రాణాధారము" అని మొదలయ్యేది. ఉపోద్ఘాతం, ఉపయోగాలు, ముగింపు. పాపం, వాళ్ళని అనడానికి లేదు. గైడు కొనుక్కోలేని పిల్లల కోసం అదే వ్యాసాన్ని బోర్డు మీద రాసిపెట్టింది నేనే.

తొమ్మిదో తరగతిలో నాగమణి అనే అమ్మాయి ఉండేది. నేను బోర్డు మీద రాసింది వదిలేసి తన సొంతంగా ఒకటిన్నర పేజీ రాసింది. అందులో కొన్ని ముక్కలు నాకు నోటికొచ్చు. "ఎండాకాలం కాలువ కట్టేస్తారు. అప్పుడు బురద వాసన వస్తుంది. ఆ వాసన వస్తే మాకు సెలవులు వచ్చినట్టు. నీళ్ళు పోయాక మా అమ్మ పోగొట్టుకున్న ఇత్తడి చెంబు బురదలో దొరికింది. ఇంటికి తెచ్చి తోమితే దాని మీద పక్కింటి వాళ్ళ పేరు ఉంది. అమ్మ రెండు రోజులు ఆలోచించి ఇచ్చేసింది."

నేను దాని కింద "విషయము నుండి పక్కకు పోయినావు. ఉపయోగములు రాయలేదు" అని రాసి, పదికి మూడు మార్కులు వేశాను.

మా హెడ్మాస్టరు శేషగిరిరావు గారు నెలకోసారి టీచర్లు దిద్దిన పుస్తకాలు తెప్పించుకుని చూసేవారు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఆ నెల నన్ను గదిలోకి పిలిచి నాగమణి పుస్తకం నా ముందు పెట్టారు.

"అమ్మా, ఈ కట్టలో యాభై పుస్తకాలున్నాయి. నేను చివరిదాకా చదివింది ఇదొక్కటే. దీనికే మూడు వేశారేమిటి?"

"పాయింట్లు లేవండీ. పరీక్షలో ఇలా రాస్తే తప్పుతుందండీ."

"పరీక్ష సంగతి సరే. ఆవిడ రెండు రోజులు ఎందుకు ఆలోచించిందంటారు?"

నాకు అర్థం కాలేదు.

"చెంబు ఇవ్వడానికండీ, వాళ్ళమ్మ. రెండు రోజులు ఆలోచించిందట. ఆ ముక్క రాసిన పిల్లకి మనం ఏం నేర్పుతాం చెప్పండి" అని పుస్తకం నా చేతిలో పెట్టి ఫైళ్ళలోకి తలదూర్చారు.

ఆ సాయంత్రమే నాగమణిని పిలిచి, మార్కులు కొట్టేసి తొమ్మిది వేసి, ఇలాగే రాయమ్మా అని చెప్పాను. ఆ పిల్ల తలూపింది. ఆ తర్వాత ఆ ఏడాదీ, పదో తరగతిలోనూ గైడు వ్యాసాలే రాసింది. ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "మీరు బాగుందన్నారు టీచర్, నిజమే. పేపరు దిద్దేది మీరు కాదుగా" అంది. అందులో కోపం లేదు, ఎదురు చెప్పడమూ లేదు. లోకజ్ఞానం. పద్నాలుగేళ్ళ పిల్లకి అది నేర్పింది నేను.

కొత్తగా చేరేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. పిల్ల తన సొంత మాట రాయడం ఒకసారి చేస్తుంది, మనం ఏమంటామో చూడ్డానికి. రెండోసారి చేస్తుందో లేదో మన చేతిలో ఉంటుంది.

మైలవరంలో తొమ్మిదేళ్ళు

నా ఉద్యోగంలో నేను బాగా సుఖపడ్డ రోజులు మైలవరం వైపు పనిచేసిన రోజులు. డెల్టా నుంచి వెళ్ళినదాన్ని, ఆ ఎర్ర నేల, ఆ మామిడి తోటలు కొత్తగా ఉండేవి. మార్చి వచ్చిందంటే క్లాసు కిటికీలోంచి పిందెల వాసన. పిల్లల జేబుల నిండా ఉప్పూ కారం పొట్లాలు. పాఠం మధ్యలో ఎవరో కసక్కున కొరికిన చప్పుడు వినిపిస్తే నేనూ వినపడనట్టే ఉండేదాన్ని.

అప్పటికి నాకు కొంచెం తెలివొచ్చిందనుకున్నాను. "ఈరోజు మీ ఊహతో ఏదైనా కొత్తగా రాయండి" అని చెప్పి కూర్చున్నాను. నలభై నిమిషాలు అందరూ పెన్నులు నములుతూ కూర్చున్నారు. కొత్తగా అంటే ఏమిటో వాళ్ళకి తెలియదు. నిజానికి నాకూ తెలియదు. బెల్లు కొట్టే ముందు విసుగొచ్చి, "పోనీ, నాకు తెలియని సంగతి ఏదైనా చెప్పండర్రా" అన్నాను.

వెనక బెంచీలోంచి ఒకమ్మాయి, "మేడం, కాయ కోసేటప్పుడు తొడిమ ఎందుకు ఉంచుతారో మీకు తెలుసా?" అంది. తెలియదన్నాను. క్లాసంతా ఒక్కసారిగా లేచింది. సొన కారి కాయ తోలు మాడుతుందని ఒకరు, ఆ సొన మొహం మీద పడితే పుండవుతుందని ఒకరు, వాళ్ళ బాబాయికి అలాగే కన్ను వాచిందని ఒకరు. మూడేళ్ళుగా నోరు విప్పని పిల్లలు ఒకరి మీద ఒకరు పడి మాట్లాడారు. "ఇదంతా రాసుకుని రండి. ఎప్పుడూ తోట చూడని మనిషికి చెబుతున్నట్టు రాయండి" అన్నాను.

అలా మొదలైంది "మేడంకి తెలియని సంగతి" అనే పుస్తకం. వారానికి ఒక పేజీ. ఒకటే నియమం. నాకు తెలిసింది రాస్తే మార్కు లేదు. పిల్లలు వాళ్ళ నాన్నల్ని, నాయనమ్మల్ని, తోటకాపరి వాళ్ళని అడిగి అడిగి రాసుకొచ్చేవాళ్ళు. నాకు తెలిసి కూడా తెలియనట్టు నటించినవి కొన్ని ఉన్నాయి. అది తప్పని నేననుకోను.

అక్కడి హెడ్మాస్టరు గారికి ఇది నచ్చలేదు. "మేడం, పబ్లిక్ పరీక్షలో మామిడికాయ అడగరు" అనేవారు. ఆయన చెడ్డవాడు కాదు. ఫలితాలు తగ్గితే పైవాళ్ళ ముందు నిలబడేది ఆయనే. ఆయన్ని శాంతపరుద్దామని నేనొక తెలివితక్కువ పని చేశాను. పిల్లలు రాసినవి ఏరి, భాష సరిచేసి, అందమైన అక్షరాలతో గోడపత్రిక పెట్టించాను. "మా తాత సొన అంటే బయపడతాడు" అని ఉన్నచోట "మా తాతగారు మామిడి సొన విషయమున మిక్కిలి జాగరూకులు" అని రాయించాను. హెడ్మాస్టరు గారు మెచ్చుకున్నారు. పిల్లలు గోడ ముందు నిలబడి చదువుకున్నారు. ఒక అమ్మాయి తన పేరు కింద ఉన్నది చదివి పక్కదాన్ని అడిగింది, "ఇది నేను రాసిందేనా?"

నేను వినలేదనుకుంది. విన్నాను. సాయంత్రం ఆ కాగితాలన్నీ నేనే పీకేశాను. ఏఐ పిల్లల మాటల్ని చంపేస్తోందని ఇప్పుడు ఎవరైనా అంటే నాకు నోరు రాదు. ఏఐ పుట్టకముందే నేను ఆ పని చేతిరాతతో చేశాను.

ఫోను రాసిన వ్యాసం

చివరి పోస్టింగు విజయవాడ అంచున ఉన్న హైస్కూలు. పిల్లల తల్లిదండ్రులు తెల్లారితే సిటీలోకి పనికి వెళ్ళేవాళ్ళు. ఆటో డ్రైవర్లు, షాపుల్లో చేసేవాళ్ళు, ఇళ్ళల్లో చేసేవాళ్ళు. ఇంట్లో ఒక్క ఫోను ఉంటుంది, సాయంత్రం అది పిల్లల చేతికొస్తుంది.

మొదట్లో నేను గమనించలేదు. ఒక రోజు "చెట్ల పెంపకం" మీద రాసిన పుస్తకాలు దిద్దుతుంటే అన్నీ తప్పుల్లేకుండా, నున్నగా, ఒకదానికొకటి చెల్లెళ్ళలా ఉన్నాయి. అనితని అడిగితే నవ్వింది. "ఏఐ మేడం. మాట చెబితే చాలు, రాసిచ్చేస్తుంది" అని తన ఫోన్లో చూపించింది. మన పాఠ్యపుస్తకంలో ప్రతి పాఠం చివరా "సృజనాత్మకత" అని ఒక శీర్షిక ఉంటుంది కదా. దాని కింద ప్రశ్న టైపు చేసింది. నేను కళ్ళజోడు సర్దుకునేలోపు సృజనాత్మకత వచ్చేసింది.

నాకు ఒళ్ళు మండింది. అందుకే ఒక ఉపాయం పన్నాను. "మీ ఇంట్లో ఒకరు చేసే పని గురించి రాయండి. ఎలా చేస్తారో దగ్గర కూర్చుని చూసి రాయండి. వారం గడువు" అన్నాను. మీ ఇంటి సంగతి ఫోనుకెలా తెలుస్తుందని నా ధీమా.

వారం తర్వాత లావణ్య అనే అమ్మాయి పుస్తకం తెరిచాను. మామూలుగా అక్షరదోషాలతో నిండి ఉండే పుస్తకం అది. అందులో ఇలా ఉంది. "మా అమ్మ మా కుటుంబానికి వెన్నెముక. ఆమె చేతిలోని సూది కేవలం సూది కాదు, అది ఆశకు ప్రతీక. ప్రతి కుట్టులోనూ ఆమె త్యాగం మెరుస్తుంది."

ఆ రోజు నేను చేసింది ఉన్నదున్నట్టు చెబుతాను. క్లాసులో అది పైకి చదివాను. "దీన్ని రాసిన వాళ్ళు లేచి నిలబడాలి" అన్నాను. లావణ్య లేచింది. "నిన్ను కాదమ్మా, మీ ఫోన్ని తీసుకురా, దాన్ని నిలబెడదాం" అన్నాను. క్లాసంతా పగలబడి నవ్వింది. ఆ పిల్ల కూర్చుంది. మర్నాటి నుంచి బడికి రాలేదు.

మూడో రోజు స్టాఫ్ రూములో అనిత నా పక్కన కూర్చుంది. "మేడం, మీరు పెద్దవారు, అనకూడదు గానీ..."

"అనమ్మా."

"క్లాసులో సగం మంది ఫోనుతోనే రాశారు. మీరు ఆ పిల్లనొక్కదాన్నే పట్టుకున్నారు. మిగతావాళ్ళ తెలుగు మామూలుగానే బాగుంటుంది కాబట్టి మీకు అనుమానం రాలేదు."

ఆ మాటతో సాయంత్రం ఇద్దరం ఆ పిల్ల ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాం.

ధనలక్ష్మి చీరలు

ఒకటే గది. గోడవారగా చీరల సంచులు. లావణ్య వాళ్ళమ్మ ధనలక్ష్మి చీరలకి ఫాల్ కుడుతుంది. బెంజ్ సర్కిల్ దగ్గర బట్టల షాపులవాళ్ళు ఇచ్చిన కొత్త చీరలు, ఫాల్ మార్చడానికి వాళ్ళ దగ్గరికొచ్చిన పాత చీరలు పొద్దున్న తెచ్చుకుని, ఒళ్ళో పెట్టుకుని చేత్తో కుట్టి ఇస్తుంది. మమ్మల్ని చూసి గాభరాపడి లేచింది.

"పిల్లకి జొరం అండి, అందుకే పంపలేదు" అంది. జ్వరం కాదని అందరికీ తెలుసు. లావణ్య తలుపు చాటున ఉంది.

"తప్పు నాదమ్మా, పదిమందిలో అన్నాను" అన్నాను. ఆవిడ కుర్చీ తుడిచింది. తుడుస్తూనే, "మూడు రోజులు నా పక్కనే కూకుందండి. అదెందుకు, ఇదెందుకు అని నా బుర్ర తినేసింది. కాయితాలు కాయితాలు రాసింది" అంది.

"ఏ కాగితాలు?"

లావణ్య సంచిలోంచి తీసి ఇచ్చింది. పాత క్యాలెండరు వెనకవైపు పెన్సిలుతో రాసిన ఆరు కాగితాలు. నిలబడే చదివాను.

"మా అమ్మ పాత పాల్ విప్పి చూసి ఆ చీర కట్టుకునేవాళ్ళ గురించి చెప్తాది. అంచు కుడి పక్క అరిగితే ఆవిడ రోజు బస్సు ఎక్కుద్ది అంటది. మడమ కాడ అరిగితే పొట్టి మనిసి. పాల్ లోపల ఇసక ఉంటే కిష్ణకి ఎల్లొచ్చిన చీర. మాములు చీరలు కుట్టేటప్పుడు అమ్మ వాగుతానే ఉంటది. పెళ్ళి చీర కుట్టేటప్పుడు మాట్లాడదు. ఎందుకు అంటే ఆ పిల్ల ఎలా బతుకుద్దో అని దిగులు అంటది. ఆ పిల్ల ఎవరో మా అమ్మకి తెలవదు."

అనిత నా చేతిలోంచి కాగితం తీసుకుని చదివి మొహం పక్కకి తిప్పుకుంది.

"ఇంత రాసి, అదెందుకు ఇచ్చావే నాకు?" అన్నాను.

"తప్పులున్నాయి మేడం. మీరు తప్పుకి అర మార్కు తీసేస్తారుగా. పోయినసారి నాకు సున్నా కంటే కిందకి పోయిందని అందరూ నవ్వారు. అందుకే ఫోనుకి చదివి చెప్పి బాగు చేయమన్నా. అది తప్పుల్లేకుండా రాసిచ్చింది."

"చదివి నాక్కూడా ఇనిపిచ్చిందండి" అంది ధనలక్ష్మి. "చాలా బాగుందమ్మా, ఇంతకీ ఎవరి గురించి అన్నా. నీ గురించేనే అంది. నేనెక్కడున్నానా అని మళ్ళీ చదవమన్నా."

ఆవిడ తుడిచిన కుర్చీలో కూర్చున్నాను. ఆ పిల్ల మోసం చేయలేదు. నేను ఏది కావాలని ఏళ్ళ తరబడి అడిగానో అది తెచ్చిచ్చింది.

తర్వాత ఏం చేశామంటే

మర్నాడు లావణ్య బడికొచ్చింది. క్లాసులో అందరి ముందూ తప్పు నాదని చెప్పాను. అలా చెబితే మర్యాద పోతుందని మీకు ఎవరైనా సలహా ఇస్తే నమ్మకండి. నాకేమీ పోలేదు. లావణ్య తన పెన్సిలు కాగితాలు చదివింది. బస్సు ఎక్కే ఆవిడ దగ్గరికొచ్చేసరికి పిల్లలు వంగి పక్కవాళ్ళతో తమ అమ్మల చీరల గురించి గుసగుసలు మొదలెట్టారు. తర్వాత అనిత గోడకున్న పెద్ద స్క్రీను మీద రెండు రచనలూ పక్కపక్కన పెట్టింది. పెన్సిలు కాగితాల్లో ఉండి ఫోను రాసినదాంట్లో లేనివి ఏమిటో చెప్పమన్నాం. ఇసుక పోయింది, బస్సు పోయింది, దిగులు పోయింది. పిల్లలే లేచి ఒక్కొక్కటీ చెప్పారు.

ఆ రోజు నుంచి చిత్తు కాగితానికి మార్కులు, శుభ్రంగా రాసినదానికి కాదు అని పెట్టాను. అక్షరదోషాలు వేరే రోజు, వేరే పుస్తకంలో దిద్దాను. అద్భుతమేమీ జరగలేదు. సగం మంది తెలివిగా చిత్తు కాగితం కూడా ఫోను చేతే రాయించుకొచ్చారు. ఒకడైతే ఫోను రాసిందానికి కావాలని తప్పులు చేర్చి తెచ్చాడు. వాడి ఓపికకి నవ్వొచ్చి మార్కు వేశాను. మిగతా సగం మంది మాత్రం ఇంట్లోవాళ్ళ పక్కన కూర్చోవడం నేర్చుకున్నారు.

ఫోన్ని నిషేధించాలని నా పట్టుదల. అనిత ఒప్పుకోలేదు. "దాన్ని జవాబు చెప్పొద్దని చెబుదాం మేడం. ప్రశ్నలడగమందాం" అంది. తనే స్క్రీను మీద పెట్టి, లావణ్య రాసిందంతా దానికి చెప్పి, "నువ్వేమీ రాయకు, ఈ అమ్మాయిని ఇంకా ఏమడగాలో అడుగు" అంది. అది నాలుగైదు ప్రశ్నలడిగింది. రెండు పనికిమాలినవి. ఒకటి మాత్రం, "మీ అమ్మ కుట్టిన మొదటి చీర ఎవరిది?" అని.

నాకు తట్టలేదు ఆ ప్రశ్న. వాళ్ళింట్లో గంటసేపు కూర్చుని కూడా నేను అడగలేదు. ఒప్పుకోవడానికి మనసు రాలేదు గానీ, మంచి ప్రశ్న ఎక్కణ్ణించి వచ్చినా మంచి ప్రశ్నే. జవాబు మాత్రం దాని దగ్గర లేదు. లావణ్యకీ తెలియదు. "అడిగి రా" అన్నాను.

రెండు రోజులకి రాసుకొచ్చింది. నా ఉద్యోగంలో క్లాసులో కూర్చుని విన్న చివరి రచనల్లో అదొకటి. నేను వెనక బెంచీలో పిల్లల మధ్య కూర్చున్నాను. లావణ్య ముందు నిలబడి చదివింది.

ధనలక్ష్మి పెళ్ళై ఈ ఊరొచ్చిన కొత్తలో, ఎదురింటావిడ పట్టుచీర ఇచ్చి ఫాల్ కుట్టమందట. కుట్టడం వచ్చని ఈవిడ గొప్పకి చెప్పుకుంది, రాదు. రోజంతా కూర్చుని కుట్టింది. లోపలివైపు కుట్టాల్సిన ఫాల్ పైవైపు కుట్టేసింది. చీర ఇచ్చేశాక గాని తెలియలేదు. మర్నాడు ఎదురింటావిడ అదే చీర కట్టుకుని పెళ్ళికి బయలుదేరింది. ఫాల్ అంతా పైకే కనపడుతోంది. ధనలక్ష్మి సిగ్గుతో తలుపు వెనక దాక్కుని చూసింది.

లావణ్య అక్కడ ఆగింది. వెనకనుంచి ఎవరో, "ఆవిడకి తెలీదా ఏంటి?" అన్నారు.

"నేనూ అదే అడిగా. తెలుసంట. కుచ్చిళ్ళు పెట్టుకునేటప్పుడే తెలుస్తదంట ఎవరికైనా" అంది లావణ్య. మళ్ళీ కాగితంలోకి చూసి చివరి రెండు వాక్యాలు చదివింది.

"ఆవిడ మా అమ్మని ఏమి అనలేదు. పెళ్ళి నుంచి వచ్చాక ఇంకో రెండు చీరలు కుట్టమని ఇచ్చింది."